ఇచ్చట భయం పెంచబడును

ఇంజనీరింగ్ మూడో ఏడాది పిల్లల కోసం ప్రైవేటు కాలేజీలు కొత్త సరుకు దింపాయి. పేరు సెమిస్టర్ అబ్రాడ్. ఒక సెమిస్టర్ జర్మనీలో చదివొస్తే ఆ క్రెడిట్లు ఇక్కడ కలుపుతారు. ప్రకటనలో అది చిన్నక్షరాల్లో ఉంటుంది. పెద్దక్షరాల్లో ఉండేది వేరు: మీ భయాలను జయించండి!

అయ్యా, ఆ భయాలు పెట్టిందెవరు? పదహారేళ్ల వాణ్ని ఇంటర్ హాస్టల్లో పడేసి, కోడి కూయకముందే స్టడీ అవర్‌కి లేపి, ఫోన్ లాక్కుని, ర్యాంకులు గోడకి అంటించి, డౌట్ అడిగితే "అందరికీ అర్థమైంది, నీకేం రోగం?" అని కూర్చోబెట్టింది మనం కాదూ? తేలుని వదిలేదీ మనమే, మంత్రానికి రేటు కట్టేదీ మనమే.

పోనీ, ధైర్యం ఊరికే వస్తుందా? జర్మనీ వీసాకి మామూలుగా బ్లాక్డ్ అకౌంట్లో ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి నెలకి 992 యూరోల లెక్క. కొడుక్కి భయం పోవాలంటే ముందు తండ్రికి పట్టుకోవాలన్నమాట. ఆపైన చిలుకూరు బాలాజీ గుడి. కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. ఇంత నడిచినా దీనికి క్రెడిట్లు లేవు, అదొక్కటే అన్యాయం.

సరే, కుర్రాడు జర్మనీలో దిగాడు. ఎయిర్‌పోర్టుకి తెలుగు వాట్సాప్ గ్రూపు వాళ్లే వచ్చారు, గదిలో తెలుగువాళ్లే, సూట్‌కేసులో గోంగూర పచ్చడి. బెర్లిన్‌లో డిసెంబరు పొద్దు నాలుగింటికే వాలిపోతుంది, ఆదివారం కొట్లు మూసేస్తారు. ఇవన్నీ వాడు తట్టుకున్నాడు. తట్టుకోలేనిది ఒక్కటే: చాలా క్లాసుల్లో హాజరు వెయ్యరు. రాకపోతే ఇంటికి ఫోన్ చెయ్యరు. తిట్టేవాడే లేని చోట ఎలా చదవాలో వాడికెవరు నేర్పారు గనక? పైగా పక్క కుర్రాడు ప్రొఫెసర్‌తో "నేను ఒప్పుకోను" అంటాడు, ఆయన నవ్వుతాడు. మనవాడికి ముచ్చెమటలు. ఇక నోటి పరీక్ష. ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు అని అడుగుతారు. బట్టీ పట్టిన వాటిల్లో ఎందుకు అనేది ఎక్కడా లేదు.

అయినా కుర్రాడు గట్టివాడు. కిందా మీదా పడి నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక కాలేజీ ఫ్లెక్సీ కట్టింది, శాలువా కప్పింది, జూనియర్లకి నాలుగు ముక్కలు చెప్పమంది. వాడు మైకు పుచ్చుకుని, నేర్చుకున్నదే ప్రయోగించాడు: "సార్, అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజే లేదు. మరి మా దగ్గర ప్రోగ్రాం ఫీజని తీసుకున్నది దేనికి?"

మైకులో ఏదో లోపం వచ్చింది. మర్నాడు తండ్రిని తీసుకురమ్మన్నారు.