మల్లెకి కత్తెర పడే నెల

ఏరా అబ్బాయీ, కుండీలో మల్లెకి రెండుపూటలా నీళ్లు పోస్తున్నానని, ఆకు నిగనిగలాడుతోందని ఫొటో పంపావు. చూశాను. ఆకులు ఏం చేసుకుంటావురా, జడలో పెట్టుకుంటారా?

మా రోజుల్లో కార్తీకంలోనే మల్లెతోటకి నీళ్లు ఆపేసేవాళ్లం. మొక్క వాడి ఆకు రాల్చేదాకా చుక్క పొయ్యనిచ్చేవాడు కాదు మా నాయన. ఆపైన గొర్రెలమందని తోలించేవాడు. మిగిలిన ఆకు అవి మేసేవి, పెంటికలు ఎరువుగా వదిలి పోయేవి. మంద మేసినంతసేపూ ఆ కాపరి తుమ్మచెట్టు కింద కూర్చుని, ఏ ఊళ్లో వాన పడిందీ, ఎవరింట్లో పెళ్లి కుదిరిందీ అన్నీ చెప్పేవాడు. ఇప్పుడు మీకు పక్కవాటాలో ఎవరుంటారో కూడా తెలియదు. సరే, మల్లె సంగతికి వద్దాం.

మార్గశిరంలో, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా కత్తెర పట్టేవాళ్లం. ఎండుపుల్లలు, పీలరెమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి ముందు తీసెయ్యాలి. తక్కినవి మోకాటి ఎత్తున, 45 సెంటీమీటర్లు అనుకో, నీరు నిలవకుండా ఏటవాలుగా కొయ్యాలి. మొదలు చుట్టూ తవ్వి, వేళ్లకి కాస్త ఎండ తగలనిచ్చి, చివికిన పశువుల ఎరువు వేసి, అప్పుడు పొయ్యాలి నీళ్లు. మల్లెకి మొగ్గ కొత్త చిగురు మీదే కడుతుంది నాయనా. పాత కొమ్మని ముద్దుచేస్తే ఆకే గతి. కుండీ మల్లెకైనా పద్ధతి ఇదే. గొర్రెలు లేవంటావా, చేత్తో దూసెయ్.

ఇప్పటివాళ్లు ఎండాకాలంలో, చెట్టు మొగ్గ మీదున్న వేళ, మోటారు కత్తెరతో క్షవరం చేసినట్టు గుండ్రంగా చెక్కేస్తారు. నడుంనొప్పి తప్పుతుంది, కాదనను. మొగ్గ మాత్రం నేలపాలు.

ఇంకా ఘోరం, ఎండ రావడం లేదని మీ కాలనీలో మామిడికొమ్మలు పుష్యమాసంలో కొట్టించారట! మామిడి పూత కొమ్మ కొసనే వస్తుంది. చలికాలంలో కొస నరికితే ఆ కొమ్మకి ఆ ఏడు కాపు లేనట్టే. దాన్ని కత్తిరించాల్సింది కాయలు కోశాక, తొలకరికి. మీకు ఆదివారం సెలవు దొరికిందని చెట్టు ఒప్పుకుంటుందా? ముసలాడి చాదస్తం అనుకుంటావు, అనుకో. వచ్చే తొలకరికి నేనే వస్తాను. కత్తి నూరించి పెట్టు, అందాకా ఆ చెట్టు జోలికి ఎవర్నీ రానివ్వకు.