గోడ గడియారం ఉంది కదా అన్న వారికి

మహారాజశ్రీ ప్లాంటు కొనుగోళ్ల కమిటీ వారి సముఖానికి, కంట్రోల్ రూమ్ షిఫ్టు సిబ్బంది రాసుకునే అర్జీ.

అయ్యా, ప్లాంటులోని యంత్రాలన్నిటికీ ఒకే టైము చెప్పే మాస్టర్ క్లాక్ కావాలని మేం పెట్టిన ఇండెంటును "గోడకు గడియారం ఉన్నది గదా" అని రాసి తిప్పి పంపారు. ఉంది, కాదనం. దాని బ్యాటరీ మేమే చందాలేసుకుని మారుస్తున్నాం.

మొన్న అర్ధరాత్రి దాటాక యూనిట్ ట్రిప్పయింది. ఏది ముందు పోయిందో, దేనివల్ల ఏది పోయిందో తేల్చమని ఎంక్వైరీ వేశారు. జనరేటర్ రిలే 2:14:07 అంది. కంట్రోల్ కంప్యూటరు డీసీఎస్ 2:13:41 అంది. ఫాల్ట్ రికార్డరేమో 2:14:25. పాపం దాన్ని అనడానికి లేదు. అది చూసుకునే జీపీఎస్ టైము 2017 నుంచి యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంటోంది, అవి తీసేసి చెప్పమని దానికెవరూ సెట్టింగు పెట్టలేదు. పంప్‌హౌస్ కంట్రోలర్ పీఎల్సీని అడిగితే రాత్రి 8:44 అంది, అదీ ముందురోజు! మన టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ పక్కనుంచే పోతోంది, మన పంప్‌హౌస్ మాత్రం గ్రీన్‌విచ్‌లో కాపురం పెట్టింది.

50 హెర్ట్జ్ సప్లయిలో ఒక సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు. రిలే పసిగట్టడం, బ్రేకర్ తెరుచుకోవడం, అంతా కొద్ది సైకిళ్లలో అయిపోయే పని. దానికి అర నిమిషం అటూఇటూ ఉన్న గడియారాల చేత సాక్ష్యం చెప్పించారు. మామూలు క్వార్ట్జ్ ముక్క రోజుకు ఒక సెకను తప్పినా నెల తిరిగేసరికి అంతే అవుతుంది మరి. చివరికి ఏది ముందో తేలలేదు. ఎవరు జూనియరో మాత్రం వెంటనే తేలింది, మెమో ఆయనకే వెళ్లింది.

ఇది మన ఒక్కరి గోల కాదు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలూ కెనడాలోని ఒంటారియో కూడా చీకట్లో మునిగినప్పుడు, రికార్డర్ల టైములు కలవక, జరిగినవాటిని వరుసలో పెట్టడానికే దర్యాప్తు బృందం నానా తంటాలు పడింది. రికార్డర్లన్నీ ఒకే టైముకు నడవాలని నివేదికలో రాసింది.

"ఒక్క గడియారానికి ఇంత ధరా?" అని ఎర్ర సిరాతో గీశారు. అందులో ముళ్లుండవండీ. శాటిలైట్ సిగ్నల్ అందుకునే రిసీవరు ఉంటుంది. సిగ్నల్ పోతే కాసేపు నెట్టుకొచ్చే ఓవెన్ క్రిస్టల్ ఉంటుంది. రిలేలకు టైము కోడ్ మోసే ఐరిగ్-బి తీగ లాగుతారు, సెకనుకు 100 పల్సులు. కంప్యూటర్లకు నెట్‌వర్క్ మీద టైము పంపే ఎన్టీపీ చాలు. మైక్రోసెకను లోపు కావలసినచోట పీటీపీ పెట్టాలి, దానికి నెట్‌వర్క్ స్విచ్చులూ తగినవే ఉండాలి. అందరికన్నా తక్కువ ధర చెప్పి ఎల్-వన్ వచ్చాడని మామూలు స్విచ్చులు కొని దాని కాళ్లు విరగ్గొట్టకండి. ఇంకో మనవి: యాంటెన్నా ఆకాశం బాగా కనబడే డాబా మీదే పెట్టించండి. కేబుల్ ఆదా అవుతుందని సన్‌షేడ్ కింద బిగిస్తే దానికి కనబడేది సన్‌షేడే.

ఇండెంటు మళ్లీ పంపుతున్నాం, ఈసారి స్టాండ్‌బైతో కలిపి రెండు. మంజూరు చేయండి. కుదరదంటే, ఆ జూనియర్ మెమో అయినా వెనక్కి తీసుకోండి.

ఇట్లు,
తమ విధేయులు,
రాత్రి షిఫ్టు