ఐదు వోల్టుల పెద్దమనిషి

పెళ్ళి పందిట్లో మైకు "బూఁ" అని మూలుగుతుంటే ముత్తయిదువలు మొహం చిట్లిస్తారు. పంతులుగారు మంత్రానికి గొంతు పెంచుతారు. పెళ్ళికొడుకు మేనమామ మైకుసెట్టు కుర్రాణ్ణి కేకలేస్తాడు. ఒక్కాయన మాత్రం తల ఓ పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి, "వంద హెర్ట్జులండి" అంటాడు. రాగం పేరు చెబుతున్నాడేమోనని పక్కవాళ్ళు గౌరవంగా చూస్తారు. "మనింటికొచ్చే కరెంటు 50. డయోడ్ల బ్రిడ్జి దాటిందంటే 100 అయిపోద్ది. లోపల కండెన్సరు ఎండిపోయిందండి, ఆయ్" అని నిట్టూర్చి మళ్ళీ పనసపొట్టు కూరలోకి దిగుతాడు. రెండు ముద్దలయ్యాక ఉండబట్టలేక విస్తరి ముందునుంచి లేస్తాడు. తాళి కట్టేటప్పటి ఫొటోల్లో ఆయన కనపడడు. ఆంప్లిఫయరు వెనకాల ఉంటాడు.

ఈ జాతి మనిషి గోదావరి డెల్టాలో ఊరికొకడైనా ఉంటాడు. రాజమండ్రి దానవాయిపేటలో అయితే మేడ మీద గదిలో ఉంటాడు, పాలకొల్లులో అయితే కొట్టు వెనక వసారాలో, అమలాపురంలో అయితే కొబ్బరిచెట్ల మధ్య రేకుల షెడ్డులో. పగలు బ్యాంకులోనో బళ్ళోనో సొసైటీలోనో జీతానికి కూర్చుంటాడు. సాయంత్రం ఇంటికొచ్చి లుంగీ కట్టాక అసలు ఉద్యోగం మొదలు. ఆ ఉద్యోగమల్లా ఐదు వోల్టులు తయారు చెయ్యడం. పక్కింటివాళ్ళు గ్రైండరు వేసినా, ఎదురింటివాళ్ళు ఏసీ పెట్టినా, సబ్‌స్టేషనులో ఎవరు ఏ మీట నొక్కినా కదలకుండా నిలబడే ఐదు వోల్టులు. 7805 అనే మూడుకాళ్ళ ఐసీ పదీ పదిహేను రూపాయలకి ఆ పని చేసి పెడుతుంది. డేటాషీటు 4.8 నుంచి 5.2 దాకా ఒప్పుకుంటుంది. ఈయన ఒప్పుకోడు. మీటరులో 4.97 కనపడితే ఆ రాత్రి నిద్ర ఉండదు. ముందు ఐసీని అనుమానిస్తాడు, తర్వాత మీటరుని, తెల్లవారుజామున మీటరులో బ్యాటరీని.

"ఇంతకీ ఆ ఐదు వోల్టులూ దేనికండీ?" అని కొత్తవాళ్ళు అడుగుతారు. "ముందు సప్లై ఉండాలి కదండీ" అంటాడు. ఇరవయ్యేళ్ళుగా అదే జవాబు.

ఎవరైనా ఆసక్తి చూపించారా, వాళ్ళ పని అయిపోయినట్టే. కాగితం మీద బొమ్మ గీసి ఊరుకోడు, బండెక్కించి ధవళేశ్వరం తీసుకుపోతాడు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిందన్న దగ్గర్నుంచి ఎత్తుకుంటాడు. "అదిగో గోదారి. ఇవాళ ఓ మట్టం, రేపు ఓ మట్టం. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అది ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే ఓల్టేజీ అనుకోండి. ఇదిగో ఇటు కాలువ. దీన్లో మాత్రం మట్టం కదలకూడదు. పెరిగితే చేలు మునుగుతాయి, తగ్గితే ఎండుతాయి. హెడ్ రెగ్యులేటరు దగ్గర తలుపులు చూసే లస్కరు ఏం చేస్తాడు? కాలువలో గేజీ చూస్తాడు. పెరిగితే తలుపు దించుతాడు, తగ్గితే ఎత్తుతాడు. అతను గోదారి వంక చూడక్కర్లేదు, కాలువ వంక చూస్తే చాలు. 7805 లోపల కూడా ఓ లస్కరున్నాడండి. రెప్ప వెయ్యకుండా గేజీ చూస్తూనే ఉంటాడు. జీతం లేదు, సెలవు లేదు."

ఈ వివరణ నిజంగా బాగుంటుంది, ఒప్పుకోవాలి. ఇంజనీరింగు కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఇంత తేటగా చెప్పినవాళ్ళు తక్కువ. గోదారే కాలువ మట్టానికి దిగిపోతే లస్కరు తలుపు పూర్తిగా ఎత్తినా లాభం లేదు. 7805కి ఆ గీత ఏడు వోల్టుల దగ్గరుంది. ఇన్‌పుట్టు అంతకన్నా పడితే అవుట్‌పుట్టూ దానితోపాటే పడుతుంది. తలుపు దిగువన నీళ్ళు సుడులు తిరిగి నురగ కక్కుతాయే, ఆ కొట్టుడంతా ఇక్కడ వేడి. "అందుకేనండి హీట్ సింకు" అని ముగిస్తాడు. అప్పటికి చీకటి పడుతుంది. విన్నవాళ్ళకి దోమలు కుట్టి ఉంటాయి. బండికి హెడ్‌లైటు వెలగదు, దాని రెగ్యులేటరు పోయి ఆర్నెల్లయింది.

ఆయన గదిలోకి వెళితే ముందు లెడ్డు కరిగిన పొగ వాసన. గోడకి చార్టులు, మేకుకి వైర్లు, బల్ల కింద పాత టీవీల ఎముకలు. బల్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు: 9 వోల్టులది, 12ది, 12-0-12ది. ఏ లెక్కయినా 12తోనే మొదలెడతాడు. "12 అంటే 12 కాదండి, శిఖరం 17. బ్రిడ్జిలో రెండు డయోడ్లు 1.4 తింటాయి. కండెన్సరు మీద పదిహేనున్నర చిల్లర. ఐదు మనం వాడుకుంటాం, మిగతా పదిన్నర ఐసీ మింగాలి. ఒక ఆంపియరు లాగారంటే ఐదు వాట్ల పనికి పది వాట్ల వేడి." అంత దండగైతే తొమ్మిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవచ్చు కదా అంటే జాలిగా చూస్తాడు. కాగితం మీద మన కరెంటు 230. ఎండాకాలం రాత్రి వీధి వీధంతా ఏసీలు వేసినప్పుడు 170 చూసిన మనిషి ఆయన. 12ది పెడితే 170లో కూడా కండెన్సరు మీద 11 ఉంటుంది. 9ది పెడితే ఎనిమిది దాటదు, అందులో అలలు పోగా ఏడు గీత కిందికి జారుతుంది. అందరికీ ముసలితనానికి దాచుకునే బుద్ధి ఉంటుంది, ఈయనకి లో ఓల్టేజీకి దాచుకునే బుద్ధి.

వేడి విషయంలో మాత్రం ఆయనకి మీటర్లు పనికిరావు, వేలు కావాలి. నాలిక మీద తడి చేసుకుని ఐసీ వీపు మీద ఆనిస్తాడు. చుర్రుమంటే ఎక్కువ, ఊరికే వెచ్చగా ఉంటే తక్కువ. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకి కాఫీ ఇచ్చేముందు "ఓసారి ముట్టుకుని చూడండి" అంటాడు. ఆ ఇంటికి వెళ్ళొచ్చినవాళ్ళలో చూపుడువేలి చివర బొబ్బ లేనివాళ్ళు అరుదు. రోహిణికార్తెలో ఆయన లెక్కే వేరు. హీట్ సింకు లేని ఐసీ ఒక్కో వాటుకి 65 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. రెండు వాట్లకి 130, మేడమీద గదిలో ముందే ఉన్న 42 కలిపితే 172. నూట యాభై దాటగానే ఐసీ తనంతట తాను పని ఆపేసి చల్లారాక మళ్ళీ మొదలెడుతుంది. "మధ్యాహ్నం నేనూ అంతేగా" అని చాప వాలుస్తాడు.

దేవుడి పటాల పక్కన ఆయనకి ఓ పరదేశి దైవం ఉన్నాడు, బాబ్ విడ్లర్. ఒక ఆంపియరు ఇచ్చే ఐదు వోల్టుల రెగ్యులేటరుని మూడు కాళ్ళలో ఇమిడ్చి 309 అన్న నంబరుతో 1970 ప్రాంతాల్లో నేషనల్ సెమీకండక్టర్ వాళ్ళ కోసం తయారు చేసిన మహానుభావుడు. ఆయన కథ చెప్పడమంటే మనవాడికి హరికథంత హుషారు. కంపెనీ గడ్డి కొయ్యడం మానేస్తే గొర్రెని తెచ్చి తోలిన ఘట్టం ఒకటి. పాడైన భాగాన్ని చెత్తబుట్టలో వేస్తే మళ్ళీ బల్ల మీదికొస్తుందని సుత్తితో పిండి పిండి చేసిన ఘట్టం ఇంకోటి. ఈ రెండో ఘట్టం మన పెద్దమనిషి ఆచరణలో కూడా పెట్టాడు. గరగరలాడిన వాల్యూము కంట్రోళ్ళని వంటింటి రోట్లో వేసి పొత్రంతో నూరాడు. ఆ వారం ఇంట్లో కొబ్బరి పచ్చడి ఎవరూ ముట్టలేదు.

ఐదు వోల్టులు విసుగొస్తే 317 పడతాడు. అది ఎంత చెబితే అంత ఇచ్చే ఐసీ: ఓ 240 ఓముల రెసిస్టరు, ఓ 5 కె పొటెన్షియోమీటరు పెడితే 1.25 నుంచి 27 దాకా గుండీ తిప్పినంత. చిక్కల్లా కాళ్ళ దగ్గర. 7805కి ఎడమ నుంచి ఇన్‌పుట్టు, గ్రౌండు, అవుట్‌పుట్టు. 317కి అడ్జస్టు, అవుట్‌పుట్టు, ఇన్‌పుట్టు. పైగా దాని వీపు అవుట్‌పుట్టుకి కలిసుంటుంది, మధ్యలో అభ్రకం రేకు పెట్టకుండా డబ్బా రేకుకి బిగిస్తే సంగతులు చెప్పక్కర్లేదు. ఇవన్నీ తెలిసిన ఆయన, గుండీ చుట్టూ అంకెలు మాత్రం రాయడు. "మీటరుంది కదండీ" అంటాడు. బావమరిది కొడుకు రెండు సెల్లుల బొమ్మకారుకి ఆ తీగలు తగిలించి గుండీ చివరిదాకా తిప్పాడు. కారు గదిలో ఒక్క చుట్టు అపురూపంగా తిరిగిందట. తర్వాత పొగ. పిల్లాడు ఏడుస్తుంటే ఈయన మీటరు చూసి "ఇరవయ్యేడు! లోడు మీద కూడా కిందికి దిగలేదు చూశావా!" అని మెచ్చుకున్నాడు. బావమరిది రెండు సంక్రాంతులు రాలేదు.

అలాగని ఆయన ఎవరికీ ఎప్పుడూ అక్కరకు రాలేదనకూడదు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ కొబ్బరిచెట్లని పడుకోబెట్టినప్పుడు కరెంటు రోజుల తరబడి లేదు. అమలాపురం వైపు ఉన్న మన జాతి మనిషి ఒకాయన అప్పటికే ఇంట్లో సెల్లులన్నీ పారేసి, రేడియోకి సొంతంగా ఎలిమినేటరు కట్టుకుని ఉన్నాడు. గొప్ప ఎలిమినేటరు, కానీ గోడలో కరెంటుంటేగా! ఆయన భార్య ఒక్క మాట అనలేదు, చూసిందంతే. ఆ చూపుకి ఆయన లేచి, నడుము లోతు కొమ్మలు దాటుకుంటూ పోయి, ఎవరి ట్రాక్టరు బ్యాటరీయో భుజాన వేసుకొచ్చాడు. 12 వోల్టుల బ్యాటరీకి ఒక 7806, రెండు కండెన్సర్లు. నాలుగు సెల్లుల రేడియోకి కావలసిన ఆరు వోల్టులు నిలబడ్డాయి. విజయవాడ వార్తలు వినడానికి వీధి వీధంతా వాళ్ళ అరుగు మీదే. పులుసులోకి చింతపండు దొరకని రోజుల్లో కూడా ఆయనకి మూడిళ్ళ నుంచి కాఫీ వచ్చింది. ఇప్పటికీ కరెంటు పోతే ఆ ముఖం కొంచెం వెలుగుతుంది.

ఆ వెలుగు మీద నీళ్ళు చల్లింది సెల్‌ఫోను చార్జరు. అగ్గిపెట్టెంత డబ్బా, ఐదు వోల్టులు, రెండు ఆంపియర్లు, బరువు లేదు, వేడి లేదు. "చార్జరుండగా ఇదెందుకండీ?" అన్న ప్రశ్న ఆయన్ని తిట్టినదానికన్నా ఎక్కువ. భీమవరం వైపు రొయ్యల చెరువాయన ఒకరు వచ్చారు. ఫోను కొడితే ఏరియేటరు మోటారు తిరిగే పెట్టె కొన్నారు, అది సిగ్నలు వెతికినప్పుడల్లా ఆరిపోయి మళ్ళీ మొదలవుతోంది. మనవాడు నిమిషంలో జబ్బు పట్టేశాడు: ఆ సిమ్ము బోర్డు నెట్‌వర్కుతో మాట్లాడే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా గుటుక్కుమని లాగుతుంది, లోపలున్న సప్లై అంత ఇవ్వలేక కుంగిపోతోంది. అక్షరాలా నిజం. "నాకు వదిలెయ్యండి" అన్నాడు. 2ఎన్3055 ట్రాన్సిస్టరు, ఇటుకంత ట్రాన్స్‌ఫార్మరు, జానెడు హీట్ సింకు, పదివేల మైక్రోఫారడ్ల కండెన్సరు. ఎత్తాలంటే ఇద్దరు కావాలి. విడిభాగాల కోసం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళొచ్చాడు. అన్నీ బిగించి చెరువు దగ్గరికి తీసుకెళ్ళేసరికి పట్టుబడి అయిపోయి చెరువు ఎండగడుతున్నారు. పెట్టె చక్కగా పనిచేస్తోంది. ఊళ్ళో ఎలక్ట్రీషియను కుర్రాడు ఓ ఫోను చార్జరు పెట్టి, ఐదు వోల్టులు ఎక్కువవుతాయని మధ్యలో ఒక్క డయోడు వేసి 4.3కి దించాడు. ఆ బోర్డుకి అది చాలు.

"ఆ చార్జరు కరెంటు ఆసిలోస్కోపులో చూస్తే కళ్ళు తిరుగుతాయండి. అంతా ముళ్ళే" అన్నాడు మనవాడు, ఓటమి ఒప్పుకోలేక.

"రొయ్యలు చూడవు కదండీ" అన్నాడు చెరువాయన. ఎంత మర్యాదగా అన్నాడంటే కోపం తెచ్చుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆ పెట్టె ఇప్పుడు మేడమీద గదిలోనే ఉంది. దాని పక్కన 317ది, దాని పక్కన ప్లస్సూ మైనస్సూ రెండూ ఇచ్చేది, కింద పాత జీనరు కాలం నాటివి. అన్నీ పనిచేస్తాయి, ఒక్కదానికీ పని లేదు. ఈ మధ్య వెళ్ళేసరికి కొత్త బోర్డు మీద వంగి లెడ్డు పెడుతున్నాడు. హమ్మయ్య, సప్లైలు కట్టడం అయిపోయింది, ఇక దేనికైనా వాడతాడు కాబోలనుకుని అదేంటని అడిగాను. "ఇవి ఎంతవరకు మోస్తాయో పరీక్షించాలి కదండీ. ఇన్నాళ్ళూ కారు బల్బులు తగిలించి చూశాను, లాభం లేదు. కావలసినంత కరెంటు గుండీ తిప్పి లాగేందుకు లోడు కడుతున్నాను" అన్నాడు. వాళ్ళావిడ కాఫీ తెచ్చి, బోర్డు వంక చూసి, "మరి దానికి కరెంటు?" అంది. ఆవిడకి ఈపాటికి సగం ఎలక్ట్రానిక్సు వచ్చేసింది.

"అదేనే. దీన్లో ఐసీకి 12 వోల్టులు ఇవ్వాలి. చార్జరుతో కుదరదు, కదలకుండా ఉండాలి" అని, నా వంక తిరిగి, "7812లు అయిపోయాయండి. రేపటి గౌతమికి స్లీపరు దొరుకుద్దంటారా?" అన్నాడు.