నాసా బ్యాచ్

మా మనవడు నాసా వెళ్లొచ్చాడు. ఈ వాక్యం రాస్తుంటే నాకే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కాకపోతే పది రోజుల ప్రయాణంలో నాసాకు దక్కింది ఒక్క రోజు. మిగతా రోజులు డిస్నీ, యూనివర్సల్, నయాగరా, న్యూయార్క్, రెండు షాపింగ్ మాల్స్ పంచుకున్నాయి. అయినా మా ఆవిడ అపార్ట్‌మెంట్‌లో ఎవరు కనబడినా "మావాడు నాసా నుంచి వచ్చాడండీ" అంటోంది. వినేవాళ్లకు వాడేదో అంతరిక్షం నుంచి దిగినట్టే ఉంటుంది.

కథ వాడు ఏడో తరగతిలో ఉండగానే మొదలైంది. ఒకరోజు వాట్సాప్‌లో స్కూలు సర్క్యులర్ దిగింది. పైన భూగోళం, దాని చుట్టూ ఒక విమానం, కింద కరస్పాండెంటుగారి ఫొటో. భూగోళం కన్నా ఆయన మొహమే పెద్దది. 'గ్లోబల్ ఎక్స్‌పోజర్ ప్రోగ్రామ్' అని పేరు. ప్రయాణం వచ్చే దసరా సెలవుల్లో. మనిషికి నాలుగున్నర లక్షలు, వీసా ఖర్చు వేరే, చేతిఖర్చు వేరే. అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో: 'ఇది నిర్బంధం కాదు, తల్లిదండ్రుల ఇష్టం.'

ఈ 'ఇష్టం' ఎలా పనిచేస్తుందో చూడాలి. మర్నాటి నుంచి రోజూ అసెంబ్లీలో మైకు. "నాసాకు పేరిచ్చినవాళ్లు చేతులెత్తండి!" మొదటి రోజు ఆరు చేతులు లేచాయి. రెండో రోజు తొమ్మిది. వారం తిరిగేసరికి పేరిచ్చినవాళ్లకు నీలం టీషర్టులు వచ్చాయి, వీపు మీద రాకెట్ బొమ్మ. శనివారాలు వాళ్లు యూనిఫాం బదులు అదే వేసుకోవచ్చు. ఆ శనివారం మావాడు అన్నం కెలుకుతూ, తల ఎత్తకుండా, "తాతయ్యా, మనం పేదవాళ్లమా?" అని అడిగాడు. మా అబ్బాయి ఆ పూట పెరుగన్నం వదిలేసి లేచాడు. సోమవారం బ్యాంకుకు వెళ్లి ఫిక్స్‌డ్ డిపాజిట్ పగలగొట్టాడు. ఇష్టంగానే.

న్యాయంగా చెప్పుకోవాలంటే విదేశాలకు వెళ్లే బడిపిల్లలందరి దారీ ఇదే కాదు. 2023 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల నుంచి పదిమంది పిల్లలు న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లొచ్చారు. వాళ్లను వడగట్టి ఎంపిక చేశారు. మావాణ్ణి ఎంపిక చేసింది వాళ్ల నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్.

డబ్బు కట్టాక తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. ఇంట్లో ఖాళీగా ఉండేది నేనే కాబట్టి నేనే వెళ్లాను. ఏసీ హాలు, సమోసా, టై కట్టుకున్న టూరు కుర్రాడు. తెర మీద రోజుల వారీ కార్యక్రమం వేశాడు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టి లేచి నిలబడ్డాను.

"బాబూ, నాసా ఒక్క రోజేనా?"

"ఒక రోజు పూర్తిగా సార్. పొద్దున బయల్దేరి సాయంత్రానికి హోటల్‌కి."

"మరి థీమ్ పార్కులు మూడు రోజులున్నాయే?"

"అవి కూడా ఎడ్యుకేషనే సార్. రోలర్ కోస్టర్ ఎక్కితే సెంట్రిపీటల్ ఫోర్స్ ప్రాక్టికల్‌గా తెలుస్తుంది."

"మాల్స్?"

"కరెన్సీ కన్వర్షన్ సార్. మ్యాథ్స్."

నయాగరా గురించి అడగబోతుంటే పక్కాయన నా చొక్కా లాగాడు. అది జాగ్రఫీ అని నాకూ తట్టింది. కూర్చుని సమోసా తిన్నాను. హోమ్ సైన్స్.

పిల్లల వెంట ఎవరు వెళ్తారన్నది రెండో ప్రశ్న. పదిమంది డబ్బు కడితే ఒక సీటు ఉచితమట. నలభైమంది పిల్లలు తేలారు గనక నాలుగు ఉచిత సీట్లు. ఒకటి కరస్పాండెంటుగారి శ్రీమతికి, ఒకటి ఆవిడ చెల్లెలికి, ఒకటి అడ్మిషన్లు చూసే మేడమ్‌కి. నాలుగోది పీఈటీ సారుకి, ఈల వేయగలడు గనక. న్యూటన్ మూడో సూత్రాన్ని పదకొండేళ్లుగా బోర్డు మీద రాస్తున్న ఫిజిక్స్ సారుకి పాస్‌పోర్టే లేదు. ఆయన్ని ఎవరూ అడగనూ లేదు.

పిల్లల్ని దేశాలు తిప్పి చదువు చెప్పించడం పాత పెద్దింటి మోజే. 18వ శతాబ్దంలో ఇంగ్లండు జమీందార్లు కొడుకుల్ని ఒక గురువును తోడిచ్చి యూరప్ తిప్పేవాళ్లు. ఆడమ్ స్మిత్ గ్లాస్గోలో ప్రొఫెసరు ఉద్యోగం మానేసి, 1764లో ఒక కుర్ర డ్యూకు వెంట ఫ్రాన్సు వెళ్లింది ఇలాగే. ఏడాదికి 300 పౌన్లు, అదీ జీవితాంతం. తులూజ్ అనే ఊళ్లో ఏమీ తోచక, కాలక్షేపానికి ఒక పుస్తకం మొదలుపెట్టానని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అర్థశాస్త్రానికి తలమానికం అనుకునే పుస్తకానికి అదే మొదలని చాలామంది నమ్మకం. మా పీఈటీ సారూ అలాంటిదేదో రాసేవాడేమో. రోజుకు ఎనిమిదిసార్లు తలలు లెక్కపెట్టే పని లేకపోతే.

వీసా కోసం హైదరాబాదు వెళ్లాం. నానక్‌రామ్‌గూడలో కాన్సులేటు, దానికంటే ముందు చిలుకూరులో బాలాజీ. కోరిక చెప్పుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. పదకొండూ మావాడే తిరిగాడు. నూటెనిమిదికి వచ్చేసరికి వాడికి ట్యూషన్, వాళ్ల నాన్నకు ఆఫీసు, వాళ్లమ్మకు నడుంనొప్పి. భూగోళం చుట్టేది వాడు, గుడి చుట్టూ తిరిగింది నేను.

ఇక సర్దుడు. సూట్‌కేసు ఇరవైమూడు కిలోలు దాటకూడదు. బాత్రూం దగ్గరుండే బరువు చూసుకునే మిషను మీద మా కోడలు ముందు తను ఎక్కేది, తర్వాత సూట్‌కేసును ఎత్తుకుని ఎక్కేది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసేది. ఇరవైనాలుగున్నర వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బయటికి రావాలి. స్వెట్టరు వచ్చింది. నోటు పుస్తకం వచ్చింది. సైన్సు ప్రాజెక్టు ఫైలు వచ్చింది. కందిపొడి, కరివేపాకు పొడి, చేగోడీలు, సున్నుండలు మాత్రం చెక్కు చెదరలేదు. "అక్కడ మూడు పూటలా ఇండియన్ ఫుడ్డే పెడతారట కదమ్మా" అన్నాను. "పెడతారండీ మావయ్యగారూ, కానీ అది ఎక్కడి ఇండియాదో!" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

బయల్దేరే రోజు స్కూలు గేటుకు ఫ్లెక్సీ కట్టారు. 'నాసా గడ్డపై మా ఆణిముత్యాలు' అని ఉంది. ఆణిముత్యాలు ఇంకా బెజవాడ గడ్డ మీదే, బస్సు కోసం ఎదురుచూస్తూ బ్యాగుల మీద కూర్చుని ఉన్నాయి. నీలం టీషర్టులు నలభై. గోడవతల నుంచి మా కింద ఫ్లాట్ బుజ్జిగాడు చూస్తున్నాడు. వాడూ మావాడి క్లాసే. వాళ్ల నాన్న మామూలు ఫీజే మూడు వాయిదాల్లో కడతాడు.

పది రోజులూ వాట్సాప్‌లో ఫొటోల వాన. ఇడ్లీ ముందు పిల్లలు. బస్సులో పిల్లలు. రాజ్మా ముందు పిల్లలు. మళ్లీ బస్సులో పిల్లలు. అద్దాల వెనకాల ఎక్కడో అమెరికా ఉండే ఉంటుంది, సరిగ్గా పడలేదు. వాడు అమెరికా వాళ్లతో ఏం మాట్లాడాడో తర్వాత ఆరా తీశాను. ఇమిగ్రేషన్ ఆఫీసరు "ఎందుకొచ్చావ్" అంటే "ఎడ్యుకేషన్ సర్" అన్నాడట. కొట్టులో ఒకావిడ "నెక్స్ట్" అందట. అంతే. తక్కిన మాటలన్నీ తెలుగులో, రోజూ పక్క బెంచీలో కూర్చునే వాళ్లతోనే.

మేమేదో ఉద్ధరించామని చెప్పడం లేదు. మా రోజుల్లో ఎక్స్‌కర్షన్ అంటే నాగార్జునసాగర్. ఆర్టీసీ బస్సులో సగంమందిమి కిటికీల్లోంచి వాంతులు చేసుకుని, మిగతా సగం వాళ్లని తిట్టుకుని, లాంచీలో నాగార్జునకొండ చేరాం. మ్యూజియంలో బౌద్ధ శిల్పాల ముందు మాస్టారు అరగంట మాట్లాడారు. నాకు గుర్తున్నది పులిహోర పొట్లం తెరిస్తే అందులో ఉన్న మూడు జీడిపప్పులే. కాకపోతే ఆ మూడు జీడిపప్పులకు మా నాన్న డిపాజిట్ పగలగొట్టలేదు.

మావాడు దిగాడు. రెండు రోజులు పగలు పడుకుని రాత్రి తిరిగాడు. మూడో రోజు సర్టిఫికెట్ చూపించాడు. 'నాసా' అని గుమ్మడికాయంత అక్షరాలు. కింద ఆవగింజంత అక్షరాల్లో సందర్శకుల కేంద్రం అని ఉంది. అది నాసావాళ్ల ఆవరణే, కాదనను. కాకపోతే ఆ కేంద్రం నడిచేది టిక్కెట్ల మీద, టోపీల అమ్మకం మీద వచ్చే డబ్బుతో. టిక్కెట్టు కొన్న ఎవరినైనా రానిస్తారు. చూడదగ్గవి ఉన్నాయి. అంతరిక్షానికి వెళ్లొచ్చిన అట్లాంటిస్ షటిల్ ఉంది. మనుషుల్ని చంద్రుడి దాకా మోసిన రకం సాటర్న్-5 రాకెట్ హాలు నిండా పడుకోబెట్టి ఉంది. చేత్తో తాకనిచ్చే చంద్రశిల ముక్క ఒకటి ఉంది.

"తాకావురా?"

"తాకా తాతయ్యా."

"ఎలా ఉంది?"

"నున్నగా ఉంది. వెనకాల క్యూ ఉంది, తోసేశారు."

కొలంబియా షటిల్‌లో 2003 ఫిబ్రవరి 1న పోయిన కల్పనా చావ్లాని, ఆమెతో పోయిన ఆరుగురిని తలుచుకునే గది కూడా అక్కడే ఉంది. అది చూశావా అంటే, ఆ టైంలో కీచైన్లు కొంటున్నామన్నాడు.

ఊరుకోకుండా ఇంకో ప్రశ్న వేశాను. "సరే గానీ, అంత పెద్ద అమెరికాలో రాకెట్లు ఎగరేసే చోటు ఫ్లోరిడాలో ఆ సముద్రం ఒడ్డునే ఎందుకు పెట్టారంటావ్?"

వాడు తడుముకోలేదు. "డిస్నీకి దగ్గర కదా తాతయ్యా!"

టూరు కార్యక్రమం ప్రకారం చూస్తే ఆ జవాబే కరెక్టు. లోకం ప్రకారం చూస్తే, అక్కణ్ణుంచి మనిషి చంద్రుడి మీదికి వెళ్లింది 1969లో. డిస్నీ వరల్డ్ తలుపులు తీసింది 1971 అక్టోబరు 1న. ఇక్కడే నాకొక ముచ్చట దొరికింది. అదే నెల 9న మన శ్రీహరికోట నుంచి మొట్టమొదటి రాకెట్ లేచింది. రోహిణి-125 అని చిన్నది. అంటే మిక్కీ మౌస్ కోటకూ మన శ్రీహరికోటకూ ఎనిమిది రోజులే తేడా. రెండు కోటల్లో మావాడు చూసింది ఒకటి.

అప్పుడే బుజ్జిగాడు చాక్లెట్ల కోసం పైకొచ్చాడు. ప్రశ్న విని నోట్లో చాక్లెట్‌తోనే అందుకున్నాడు. "భూమి పడమట నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా తాతయ్యా. రాకెట్‌ని తూర్పుకే వదిలితే ఆ తిరుగుడు కొంచెం కలిసొస్తుంది. తూర్పున సముద్రం ఉంటే, తేడా వచ్చినా నీళ్లలో పడుతుంది, ఊళ్ల మీద పడదు. అందుకే వాళ్లదీ తూర్పు తీరమే, మనదీ తూర్పు తీరమే." అక్కడితో ఆగలేదు. "రంగులరాట్నంలో మధ్యలో ఉన్నవాడి కంటే అంచున ఉన్నవాడు స్పీడుగా తిరుగుతాడు. భూమధ్యరేఖ దగ్గర గంటకి 1,670 కిలోమీటర్లు. మన శ్రీహరికోట ఫ్లోరిడా కంటే భూమధ్యరేఖకి దగ్గర. కాబట్టి ఆ కలిసొచ్చేది మనకే కొంచెం ఎక్కువ."

ఆరా తీస్తే తేలింది. దసరా సెలవులయ్యాక నాసా బ్యాచ్ ఇంకా రాలేదు గనక నాలుగు రోజులు కొత్త పాఠాలు మొదలుపెట్టొద్దని ఆర్డరట. సిలబస్ లేదు, స్లిప్ టెస్టు లేదు. మిగిలిపోయిన పిల్లలకు మిగిలిపోయిన ఫిజిక్స్ సారు గ్లోబు తీసి, తనకిష్టమైంది చెప్పాడు.

మావాడు బుజ్జిగాడి వంక అనుమానంగా చూశాడు. "దానికెంత కట్టావురా?" అన్నాడు.

ఇది 2024 మాట. ఈలోగా ఏడాది మారింది, మావాడు తొమ్మిదికొచ్చాడు. 2025 జూలైలో పేపర్లో చూశాను. నాసా, ఇస్రో కలిసి నైసార్ అనే ఉపగ్రహం చేశాయి. నాసా తన వంతు రాడారును అమెరికా నుంచి బెంగుళూరుకు విమానంలో మోసుకొచ్చింది. మనవాళ్లు దాన్ని ఉపగ్రహానికి జతచేసి, జూలై 30 సాయంత్రం 5.40కి శ్రీహరికోట నుంచి ఎగరేస్తారట. నాలుగున్నర లక్షలు పోసి మేం చూడబోయిన నాసా, తన ఖర్చులతో తనే మా ఇలాకాలోకి వస్తోంది! బెజవాడలో రాత్రి రైలెక్కి పడుకుంటే తెల్లారేసరికి సూళ్లూరుపేట. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు మధ్యలోంచి రోడ్డు. చలికాలమైతే రెండు పక్కలా ఫ్లెమింగోలు కూడా. రాకెట్ ప్రయోగాలు జనం చూడడానికి అక్కడ 2019 నుంచి గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు.

పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు గానీ, చంద్రయాన్-3 లేచిన పెరడు ఇది. ఉత్సాహం ఆపుకోలేక స్కూలుకు వెళ్లి ప్రిన్సిపాల్‌గారిని కలిశాను. ఆయన మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు, అంతా విన్నాడు.

"ఐడియా బాగుంది సార్. కానీ బుధవారం సాయంత్రం స్టడీ అవర్ ఉంది."

"పోనీ, తొమ్మిదో తరగతి పిల్లల కోసం ఇస్రోవాళ్లదే యువికా అని ఒక శిక్షణ ఉంది. 2019 నుంచి నడుపుతున్నారు. ఎంపికైతే ప్రయాణం, బస, భోజనం అన్నీ వాళ్లే చూసుకుంటారు. దానికైనా పిల్లల చేత దరఖాస్తు చేయిస్తారా?"

"అన్నీ వాళ్లే చూసుకుంటే ఇక మన స్కూలు ప్రత్యేకత ఏముంది సార్?"

నేను ఊరుకున్నాను. ఆయనకు నా మీద జాలి కలిగినట్టుంది. బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"సూళ్లూరుపేట అంటే పేరెంట్స్ ఒప్పుకోరు సార్. వీసా కూడా అక్కర్లేదాయె!"

బయటికొస్తుంటే గేటు దగ్గర పాత ఫ్లెక్సీ విప్పుతున్నారు. 'నాసా గడ్డపై' అన్న భాగం కత్తిరించి పక్కన పెట్టి, 'మా ఆణిముత్యాలు' అన్నంతవరకు అలాగే ఉంచారు. దాని పైన కొత్త గుడ్డ అతికిస్తున్నారు. జపాను జెండా బొమ్మ అప్పటికే పడింది. జేబులో ఫోను మోగింది. వాట్సాప్‌లో సర్క్యులర్. 'ఇది నిర్బంధం కాదు' అన్న వరుస ఈసారి ఇంకా సన్నబడింది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంటే గానీ కనబడలేదు.