సెల్ఫు తిరుగు గాని: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
సెల్ఫు తిరుగు గాని చెలగదే యింజను
గొట్టమందు పొగయు గొంచెమేని
లేదు నట్టు విప్పి లీలగా గాలిని
వెళ్ళగొట్టు పంపు వేగ నొత్తి

టీక: సెల్ఫు = స్టార్టరు మోటారు; తిరుగున్ = గిర్రున తిరుగుచున్నది (లారీకి ఉండే రెండు బ్యాటరీలూ కలిసి 24 వోల్టులు సక్రమంగానే ఇస్తున్నాయని ధ్వని); కాని = అయినను; ఇంజను = ఇంజను; చెలగదే = అందుకోదే; గొట్టమందు = సైలెన్సరు కొసన; పొగయు = పొగ సైతము; కొంచెమేని లేదు = ఆనవాలుకైనా లేదు; నట్టు = డీజిల్ ఫిల్టరు నెత్తిమీదిది; విప్పి = ఊడబెరకక, కాస్త వదులుచేసి; లీలగా = చెమటలు కక్కుతూ; పంపు = ఫీడ్ పంపుకుండే చేతిపంపు; వేగన్ ఒత్తి = త్వరత్వరగా నొక్కి; గాలిని వెళ్ళగొట్టు = స్పష్టము. ‘వేగ’ అంటే తెల్లవారేదాకా అని కొందరు. రాత్రిపూట హైవే పక్కన ఆగిపోయినవాళ్లకు ఈ అర్థమే సమ్మతం.

తాత్పర్యం: ట్యాంకు ఒట్టిపోయేదాకా నడిపిన లారీలో డీజిల్ పోసినంత మాత్రాన బండి కదలదు. పైపుల్లో గాలి చేరింది. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి, నట్టు బిగించి, అప్పుడు సెల్ఫు కొట్టాలి.

విశేషాలు: కవి ప్రతిభ అంతా ‘పొగయు’లోనే ఉంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కర్లేదు. సిలిండరులో నొక్కుకుపోయిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి చేరింది, మండలేదు. అసలు పొగే లేకుంటే చేరనే లేదు. ఎందుకు చేరలేదు? డీజిల్ నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. ఇంజెక్షన్ పంపు శ్రమంతా గాలిబుడగను నలపడానికే సరిపోతుంది. నాజిల్ సూది లేవదు. ఈ విషయం చూడకుండా బ్యాటరీ చచ్చేదాకా సెల్ఫు కొట్టేవాళ్లు పద్యం మొదటి పాదంతోనే చదువు ఆపేసినవాళ్లు.

ఇంజను ఆపడానికి లాగిన స్టాప్ వైరు తిరిగి లోపలికి వెళ్లకపోయినా లక్షణాలు సరిగ్గా ఇవే. కాబట్టి స్పానరు పట్టే ముందు ఆ వైరు చూడాలి. కవి చెప్పలేదు, చెబితే పద్యం మొదటి పాదంలోనే అయిపోయేది.

సంబోధన లేకపోవడం గమనార్హం. వినవలసినవాడు క్లీనరు. వాణ్ణి ‘ఒరేయ్’ అని పిలిస్తే గణభంగమని మానుకున్నట్టుంది.

బెజవాడ ఆటోనగర్ సంప్రదాయంలో ఫిల్టరు తరవాత నాజిల్ పైపుల నట్లు కూడా వదులుచేసి సెల్ఫు కొట్టడం కద్దు. పాత పంపు బండ్లకు అది చెల్లింది. కామన్‌రైల్ బండికి ఆ అన్వయం కూడదు: అక్కడి ఒత్తిడి 1,000 బార్లు దాటగలదు, చిమ్మిన డీజిల్ చర్మంలోకి దూరుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 అమలయ్యాక వచ్చిన లారీలకు నవ్యులు ముందు లాప్‌టాప్ తగిలించి కోడు చదువుతారు. ఆ కోడుకు టీక షోరూమువాళ్ల దగ్గరుంటుంది. బిల్లు విడిగా.