మెట్టుపల్లి బిడ్డ, మెట్టులెక్కు: టీకా తాత్పర్యము

ఆ. మార్కు తక్కువైన మాపు లేదిక దాని
సంగతొక్కసారి చాటి విడిచి
కొత్త మార్కు తెచ్చి కొలువులో పని జూపి
మెట్టుపల్లి బిడ్డ, మెట్టులెక్కు!

అవతారిక: బీటెక్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి, పెద్ద బిజినెస్ స్కూల్లో ఎంబీఏ చేయగోరిన మెట్‌పల్లి యువకుని ఉద్దేశించి అజ్ఞాతకవి చెప్పినది. కోరుట్ల, జగిత్యాల వారికీ వర్తించును. సిరిసిల్ల వారు యతి చూసుకొని పేరు మార్చుకోవచ్చు.

ప్రతిపదార్థం: మార్కు తక్కువైన = సీజీపీఏ ఆరు దగ్గర ఆగిపోయినచో; మాపు లేదు = చెరపరాదు. సప్లీలో పాసైనా ఆ సబ్జెక్టు ఎప్పుడు గట్టెక్కిందో మెమో చెప్పేస్తుంది. ఇక్కడొక లెక్క కవి చెప్పలేదు, వ్యాఖ్యాత చెప్పక తప్పదు. జేఎన్టీయూ హైదరాబాద్ సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో హెచ్చవేస్తే శాతం వస్తుంది. అంటే 5.5 ఉంటే సరిగ్గా 50 శాతం. ఐఐఎంల ప్రవేశపరీక్ష క్యాట్ రాయడానికి జనరల్ అభ్యర్థికి కావలసిన కనీసమూ అదే. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. ఆ గడప దాటనివారికి ఈ పద్యం అన్వయించదు. దాటినవారికీ నిశ్చింత లేదు: చాలా ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేముందు పదో తరగతి నుంచీ తవ్వుతాయి.

సంగతి = కారణము. ‘బాపు దుబాయ్‌ల ఉండె, ఇంట్ల నేనే పెద్దోణ్ణి, పసుపు ఉడకబెట్టుడు, అమ్ముడు అన్నీ నామీదనే పడ్డయి’ అన్నది సంగతి. ‘లెక్చరర్ సరిగ్గ చెప్పలే’ అన్నది సాకు. ఒక్కసారి = మూడు నాలుగు వాక్యాల్లో. విడిచి = మళ్లీ ఎత్తకుండా. దరఖాస్తులో ఐచ్ఛిక వ్యాసమని ఒక గడి ఉంటే, అది ఇందుకే. దాన్ని శోకపర్వంగా మార్చేవాళ్లే ఎక్కువ. చదివేవాడికి కావలసింది కన్నీరు కాదు, ఆ తర్వాతి సెమిస్టర్లలో గ్రేడు పెరిగిందా లేదా అన్న ముక్క.

కొత్త మార్కు = క్యాట్, జీమ్యాట్ వంటి పరీక్షలో స్కోరు. మ్యాథ్స్ తప్పినవాడు క్వాంట్‌లోనే జవాబు చెప్పాలి, ఇంగ్లిషు విభాగం దానికి పూచీ పడదు. ఎన్‌పీటెల్‌లో అకౌంట్సో స్టాటిస్టిక్సో ఒక ఆన్‌లైన్ కోర్సు చేసి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాస్తే మరీ మంచిది. అందులో అసైన్‌మెంట్లకు పాతిక శాతమే, మిగతా 75 పరీక్షకే, కనుక ఆ సర్టిఫికెట్‌కు బరువుంటుంది. వీడియోలు చూసినందుకిచ్చే కాగితాలకు ఉండదు.

కొలువు = రాయలవారిది కాదు, మామూలు ఉద్యోగము. గచ్చిబౌలి ఐఎస్‌బీలో ఏడాది పీజీ కోర్సు పీజీపీకి సాధారణంగా కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతారు. పని జూపి = అంకెతో చూపి. ‘నాయకత్వ లక్షణాలు కలవు’ అని రాసేవాడు వేలమందిలో కలిసిపోతాడు. ‘మరమగ్గాల షెడ్డులో ఏ నూలు ఎన్ని రోజులు మూలుగుతోందో పట్టిక వేసి, బాకీ ఇంత తగ్గించాను’ అన్నవాడు గుర్తుంటాడు. ఈ సీమలో బీడీలు చుట్టే ఇల్లు, గల్ఫ్ డబ్బు లెక్కలు, 2015లో మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరకు రైతుల అవస్థ... వ్యాపారశాస్త్రం అడిగే సరుకంతా ఇంటి చుట్టే ఉంది. మనవాళ్లు దాన్ని దాచి, ఎవడో రాసిచ్చిన ఇంగ్లిషు వ్యాసం పంపిస్తారు. ఇది నాకు అర్థం కాని రసం.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాంశం: సిఫారసు లేఖ ఎమ్మెల్యే గారి లెటర్‌ప్యాడ్ మీద తెస్తే పని జూపినట్టు కాదు. నీ తప్పు దిద్దిన మేనేజరు రాస్తే అది వేరు.

పాఠాంతరం: ఈమధ్య ప్రతుల్లో ‘కోచింగులో పని జూపి’ అని కనిపిస్తున్నది. యతి నిలుస్తుంది గానీ గణం నిలవదు. ఫీజూ తిరిగి రాదు.