దేవుడి పూచీకత్తు

అప్పుల్లో మునిగినవాడికి మన దగ్గర ఉచితంగా దొరికేది ధైర్యవచనం ఒక్కటే. "నారు పోసినవాడు నీరు పోయడా?" అంటారు. ఆ మాట అనేవాళ్ళను ఓసారి గమనించండి. కడుపు నిండినవాడు ఎండినవాడితో అంటాడే తప్ప, ఎండినవాడు తిరిగి అదే మాట అంటే వినడానికి ఒక్కడూ ఉండడు. బాకీదారు వచ్చి "వచ్చే నెల దేవుడే మీకు ఇస్తాడు లెండి" అంటే ఏ వడ్డీ వ్యాపారి పులకించిపోయాడు గనక?

నారు సంగతే చూద్దాం. మెట్ట ప్రాంతాల్లో నీరు పోసేది బోరు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు. కాయ నిలబడితే గంగమ్మ పలికినట్టు. అక్కడ పాయింటు పెడతారు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి రిగ్గు లారీ వస్తుంది, ముందద్దం మీద మురుగన్ బొమ్మతో. నాలుగొందల అడుగులు దిగినా తెల్ల దుమ్మే లేస్తుంది. "ఇంకో యాభై వేద్దాం, దేవుడున్నాడు" అంటారు గట్టున నిలబడ్డ పెద్దలు. ఆ యాభైకీ డబ్బు కట్టేది రైతే. నీళ్ళు పడ్డా పడకపోయినా రిగ్గుకు అడుగు లెక్కన చెల్లించాలి. రిగ్గు యజమానీ భక్తుడే, కానీ డీజిల్ ఖర్చు మురుగన్ ఖాతాలో రాయడు. తెలివైన భక్తి అంటే అదీ.

ఇంత చెబితే రామదాసు కథ తీస్తారు. రామదాసుగా పేరుపడ్డ గోపన్న ప్రభుత్వానికి చెందాల్సిన పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడు, గోలకొండ సుల్తాను తానీషా ఖైదు చేశాడు, రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి రశీదు పుచ్చుకున్నారు. అద్భుతమైన కథ. కాకపోతే చెప్పేవాళ్ళు ఆఖరి రాత్రి దగ్గరే మొదలుపెడతారు. అంతకుముందు ఆయన పన్నెండేళ్ళు చెరలో మగ్గాడని ఆ కథే చెబుతుంది. పన్నెండేళ్ళు ఆగే ఫైనాన్సు కంపెనీ ఎక్కడుందో చెబితే నేనే పదిమందిని తీసుకెళ్తాను. పైగా రామదాసు నోరు మూసుకుని కూర్చోలేదు. ఏ నగకు ఎంతయిందో, ఎవరి సొమ్ముతో కులుకుతున్నావో రాముణ్ణే నిలదీశాడు. ఈ రోజుల్లో అలా అడిగితే "నీకు నమ్మకం చాలదు, అందుకే ఈ గతి" అంటారు. ఇంకో మాట. ఆ రాత్రి పైసాతో సహా సొమ్ము ముట్టింది తానీషాకు. అప్పుపడ్డవాడికి దక్కింది విడుదల మాత్రమే.

సరే, వడ్డికాసులవాడి దగ్గరికే వెళదాం. లక్ష్మి అలిగి కొల్లాపురం వెళ్ళిపోయాక శ్రీనివాసుడి చేతిలో చిల్లిగవ్వ లేదు. పద్మావతితో పెళ్ళి కుదిరింది. సాక్షాత్తూ వైకుంఠవాసి, "ముహూర్తం వేళకు అదే సర్దుబాటవుతుందిలే" అనుకున్నాడా? కుబేరుణ్ణి పిలిపించి, బ్రహ్మనీ శివుణ్ణీ సాక్షులుగా పెట్టి, పత్రం రాసిచ్చాడు. గడువు కలియుగాంతం. యుగం మొత్తం 4,32,000 ఏళ్ళు, పంచాంగం లెక్కన గడిచినవి అయిదు వేల పైచిలుకు. మన ప్రాంసరీ నోటుకు మూడేళ్ళకే కాలదోషం పడుతుంది కనుక రెండేళ్ళు దాటగానే షావుకారు తిరగరాయించుకుంటాడు. కుబేరుడికి ఆ బెంగ లేదు.

ఆ వడ్డీ తీర్చడానికే మనం హుండీలో వేస్తున్నామని చెబుతారు. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మొక్కు చెల్లించేవాణ్ణి చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు. స్వామి వడ్డీ కోసం తాను ఏడాదికి నూటికి ముప్పై ఆరు కడుతున్నాడు! స్వామి తరఫువాళ్ళు మాత్రం జాగ్రత్తగానే ఉన్నారు. 2022లో తిరుమల దేవస్థానం ప్రకటించిన శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు 15,938 కోట్ల రూపాయలు, బంగారం పది టన్నులకు పైనే. తప్పేమీ లేదు, చక్కటి పని. ఆపదమొక్కులవాడి సొమ్మే బ్యాంకులో భద్రంగా ఉండాలనుకున్నప్పుడు, ఆటో కిస్తీ కట్టలేని డ్రైవరుకు మాత్రం "పైవాడు చూసుకుంటాడు" అని ఆకాశం చూపిస్తారేం?

టీవీ ప్రసంగీకులది ఇంకో దారి. "విశ్వాసపు విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు" అంటుంటే కింద ఖాతా నంబరు పరుగెడుతుంటుంది. అంత ఖాయమైన పంటయితే ఆ విత్తనమేదో ఆయనే ముందు మనకు పంపి, నూరంతలూ నేరుగా దేవుడి దగ్గరే వసూలు చేసుకోవచ్చు కదా.

దేవుణ్ణి నమ్ముకున్న పేదవాడితో నాకు పేచీ లేదు. రాత్రి నిద్ర పట్టడానికి అతనికి ఇంకేం మిగిల్చారు? నా పేచీ ఆ నమ్మకాన్ని తాను వాడకుండా పక్కవాడికి పంచిపెట్టేవాళ్ళతో. వాళ్ళకు చిన్న పరీక్ష. ఈసారి "దేవుడున్నాడు" అన్న షావుకారును ఒక లక్ష అడగండి. నోటు మీద హామీదారు సంతకం కావాలంటాడు. "ఉన్నాడన్నారుగా, ఆయన్నే పూచీ రాసుకోండి, ఏడుకొండలవాడు, తిరుమల" అని చెప్పండి. లెంపలు వేసుకుని అంటాడు: "తప్పు తప్పు, డబ్బు వ్యవహారాల్లోకి దేవుణ్ణి లాగకూడదు. మీ బావమరిదికి గవర్నమెంటు ఉద్యోగమే కదా?"